సబా అడవులకు కుటుంబ ప్రయాణం: నెల ఎంపిక నుంచి తిరిగొచ్చాక తీసుకోవలసిన జాగ్రత్తల దాకా

విదేశీ యాత్ర అనగానే మనలో ఎక్కువమంది ఆలోచన నగరాల వైపే పోతుంది. అడవి చూడటం కోసమే దేశం దాటే తెలుగు కుటుంబాలు ఇంకా తక్కువే. నిజానికి ఆ అడవి అంత దూరంలో లేదు. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నాలుగు గంటల పైచిలుకు, అక్కడి నుంచి మరో రెండున్నర, మూడు గంటలు విమానంలో కూర్చుంటే బోర్నియో ద్వీపం ఉత్తర కొసన ఉన్న సబాలో దిగుతాం. అది మలేసియాలోని రాష్ట్రం. ఒరాంగుటాన్లు, పెద్ద ముక్కు వేలాడే ప్రొబోసిస్ కోతులు, బోర్నియో పొట్టి ఏనుగులు, ఎనిమిది రకాల హార్న్‌బిల్ పక్షులు, ఉప్పునీటి మొసళ్లు అన్నీ ఒకే నది వెంట బతికే చోటు.

ఉష్ణమండల వర్షారణ్యాన్ని మొదటిసారి చూడబోయేవారికి నేను సబా పేరే చెబుతాను. వీసా బాధ లేదు, ప్రధాన రహదారులు బాగుంటాయి, ఇంగ్లిష్‌తో పని నడుస్తుంది, పిల్లలూ అరవై దాటిన తల్లిదండ్రులూ కూడా పడవలో కూర్చుని చూడగలిగినంత వన్యప్రాణి సంపద ఉంది. అమెజాన్‌కో, మధ్య ఆఫ్రికాకో వెళ్లాలంటే కావలసినంత శ్రమ దీనికి అక్కర్లేదు.

ఏర్పాట్లలోకి దిగే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. నగరంలో చూడవలసినవి కదలవు. మనం ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉంటాయి. అడవిలో అలా కాదు. ఏనుగుల గుంపు నిన్న వచ్చి ఉండవచ్చు, ఎల్లుండి రావచ్చు. అందుకే చూసే చోట్ల సంఖ్య తగ్గించి, ఒక్కోచోట గడిపే రాత్రుల సంఖ్య పెంచాలి. ఆరు రోజుల్లో ఐదు ఊళ్లు తిప్పే ప్యాకేజీ ఎంత చవకగా వచ్చినా వద్దనండి. దానిలో మీరు చూసేది రోడ్డునూ హోటల్ గదినీ మాత్రమే.

మొదటి పని: నెల ఎంచుకోవడం

సబాలో ఏడాది పొడవునా వాన పడుతుంది. ఎప్పుడు తక్కువ పడుతుందన్నదే ప్రశ్న. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. వన్యప్రాణులు ఎక్కువగా ఉండే తూర్పు సబాలో ఆ నెలల్లో కుండపోత వానలు కురుస్తాయి, కినాబటాంగన్ నది పొంగి కొన్నిసార్లు గట్లు దాటుతుంది. కాబట్టి సంక్రాంతి సెలవులకు ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. మార్చి చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా అనుకూలమైన కాలం. అంటే మన పిల్లల వేసవి సెలవులూ, చాలా సంవత్సరాల్లో దసరా సెలవులూ సరిగ్గా కుదురుతాయి. మన దగ్గర మే నెల ఎండ నలభై దాటుతుంటే అక్కడ పగలు ముప్పై రెండు డిగ్రీల దగ్గర ఉంటుంది. అయితే ఉక్కపోత మచిలీపట్నం, కాకినాడ వాళ్లకు అలవాటైనంత ఉంటుంది. అనంతపురం నుంచి వెళ్లేవారికి మొదటి రెండు రోజులు చెమటతో ఇబ్బందిగానే గడుస్తాయి.

మే 30, 31 తేదీల్లో సబాలో కాఅమతాన్ అనే పంటల పండుగ జరుగుతుంది. స్థానిక కడజాన్‌దుసున్ ప్రజల పెద్ద పండుగ అది. చూడదగ్గదే. కానీ ఆ వారంలో గదులూ విమానాలూ ముందే నిండిపోతాయి. పండుగ చూడాలని ఉంటే నాలుగైదు నెలల ముందే బుక్ చేయండి, లేకపోతే ఆ వారాన్ని తప్పించండి.

రెండో పని: ఏ అడవో తేల్చుకోవడం

సబాలో చూడదగినవి చాలా ఉన్నా మొదటిసారి వెళ్లేవారు వీటిలోంచి మూడింటికి మించి పెట్టుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

కినాబటాంగన్ నది ఈ ప్రయాణానికి గుండెకాయ. దాదాపు 560 కిలోమీటర్ల పొడవున్న ఈ నది సబాలో అతి పెద్దది. సుకావ్, బిలిట్ అనే ఊళ్ల దగ్గర నది ఒడ్డున బసలు ఉన్నాయి. తెల్లవారుజామున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి చిన్న పడవల్లో తిప్పుతారు. ప్రొబోసిస్ కోతులు రాత్రి నిద్ర కోసం నది ఒడ్డు చెట్ల మీదకు చేరతాయి. అందువల్ల సాయంత్రం పడవలో వెళ్లినవారికి అవి దాదాపు తప్పకుండా కనిపిస్తాయి. ఏనుగుల విషయంలో ఎవరూ హామీ ఇవ్వలేరు. హామీ ఇచ్చే ఏజెంటు ఉంటే అతన్ని నమ్మకండి. ఇక్కడ కనీసం రెండు, వీలైతే మూడు రాత్రులు ఉండండి.

ఇక్కడ మనం తెలుసుకుని వెళ్లవలసిన నిజం ఒకటి ఉంది. తూర్పు సబాలోని సండకాన్ పట్టణం నుంచి సుకావ్ వెళ్లే దారిలో అడవి కన్నా ఎక్కువగా కనిపించేది ఆయిల్‌పామ్ తోటలే. గంటల తరబడి అవే. నది పక్కన మిగిలిన సన్నని అడవి పట్టీలోకి జంతువులు కుదించుకుపోయాయి. అవి మనకు అంత సులభంగా కనిపించడానికి అదీ ఒక కారణం. ప్రపంచంలో పామాయిల్ దిగుమతి ఎక్కువగా చేసుకునే దేశం మనదే. మన వంటింట్లో పూరీలు వేగే నూనెకూ, ఆ నది గట్టుకూ నేరుగా సంబంధం ఉంది. ఏలూరు, అశ్వారావుపేట వైపు ఆయిల్‌పామ్ తోటలు చూసినవారికి ఆ దృశ్యం కొత్త కాదు. తేడా ఏమిటంటే, అక్కడ చాలాచోట్ల ఆ తోట అడవి కొట్టేసిన నేల మీద లేచింది. పిల్లలకు ఈ సంగతి దారిలోనే చెప్పండి. ఆ తోటల మధ్య సాగే ప్రయాణంలో వాళ్లు నేర్చుకునేది ఏ జంతు ప్రదర్శనశాలలోనూ దొరకదు.

సెపిలోక్, సండకాన్ నుంచి పాతిక కిలోమీటర్ల లోపే ఉంటుంది. తల్లిని పోగొట్టుకున్న, పెంపుడు జంతువులుగా బందీ అయిన ఒరాంగుటాన్లను తిరిగి అడవిలో బతికేలా చేసే కేంద్రం 1964 నుంచి ఇక్కడ నడుస్తోంది. ఉదయం పది గంటలకు, మధ్యాహ్నం మూడు గంటలకు వేదికల మీద పండ్లు పెడతారు. అడవిలో పండ్లు బాగా కాసే రోజుల్లో ఒక్కటి కూడా రాకపోవచ్చు. అప్పుడు నిరాశపడకండి. అవి సొంతంగా తిండి వెతుక్కుంటున్నాయంటే ఆ కేంద్రం పని ఫలిస్తున్నట్టే. పక్కనే సూర్య ఎలుగుబంట్ల సంరక్షణ కేంద్రం, కొద్ది దూరంలో చెట్ల కొమ్మల ఎత్తున నడిచే వంతెనలున్న రెయిన్‌ఫారెస్ట్ డిస్కవరీ సెంటర్ ఉన్నాయి. ఈ మూడింటికీ కలిపి ఒక పూర్తి రోజు కేటాయించండి.

కినాబాలు పార్కు వేరే లోకం. 4,095 మీటర్ల కినాబాలు శిఖరం చుట్టూ ఉన్న ఈ పార్కును 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పార్కు ప్రధాన కార్యాలయమే పదిహేను వందల మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి రాత్రుళ్లు చలి వేస్తుంది. కీటకాలను తినే కూజా మొక్కలు, ఆర్కిడ్లు, పర్వత పక్షులు ఇక్కడి ప్రత్యేకత. శిఖరం ఎక్కాలంటే పరిమిత సంఖ్యలో ఇచ్చే అనుమతి, తప్పనిసరి గైడు, కొండ మీద ఒక రాత్రి బస కావాలి. నెలల ముందే బుక్ చేసుకోవాలి. కుటుంబంతో వెళ్లేవారు శిఖరం మాట మర్చిపోయి కింది అడవి దారుల్లో నడవడమే మంచిది. స్థానిక దుసున్ ప్రజలకు ఆ పర్వతం పవిత్రమైనది. తిరుమల కొండ మీద మనం ఎలా నడుచుకుంటామో అక్కడా అలాగే నడుచుకోవాలి.

ఈ పార్కుకు దగ్గరలోని పోరింగ్, రనావ్ పరిసరాల్లో రఫ్లీసియా పువ్వు పూస్తుంది. ఆకులు, కాండం లేకుండా ఒక తీగ జాతి మీద పరాన్నజీవిగా బతికే ఈ మొక్క పువ్వు ప్రపంచంలోనే అతి పెద్దది. మొగ్గ నెలల తరబడి పెరుగుతుంది, విచ్చుకున్నాక వారం లోపే వాడిపోతుంది. పూసినప్పుడు స్థలం యజమానులు రోడ్డు పక్కన బోర్డు పెడతారు, కొద్దిపాటి రుసుము తీసుకుని చూపిస్తారు. ఆ డబ్బు సంతోషంగా ఇవ్వండి. పువ్వును కాపాడితే ఆదాయం వస్తుందని ఆ రైతుకు తెలియడం వల్లే అది బతుకుతోంది.

డానమ్ వ్యాలీ, ముందు చెప్పిన మూడింటికన్నా లోతైన అనుభవం. 438 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలో ఊళ్లు లేవు, తోటలు లేవు. 100.8 మీటర్ల ఎత్తున్న ఎల్లో మెరాంటి చెట్టును శాస్త్రవేత్తలు కొలిచింది ఇక్కడే. లహద్ దతు పట్టణం నుంచి రెండున్నర గంటల ప్రయాణం, చాలాభాగం మట్టిరోడ్డు. ఉండటానికి ఒక ఖరీదైన లాడ్జి, పరిశోధకుల కోసం కట్టిన ఫీల్డ్ సెంటర్ ఉన్నాయి. ఖర్చు ఎక్కువే. నడవగలిగిన పెద్దపిల్లలు ఉంటే, బడ్జెట్ అనుమతిస్తే, కినాబాలును వదిలేసి ఇక్కడికి వెళ్లండి.

మూడో పని: రోజులు పంచుకోవడం

పది రోజులు దొరికితే నేను ఇలా వేస్తాను. మొదటి రోజు కౌలాలంపూర్ మీదుగా సబా రాజధాని కోట కినాబాలు చేరి అక్కడే నిద్ర. మర్నాడు రెండు గంటల రోడ్డు ప్రయాణంతో కినాబాలు పార్కు, అక్కడ రెండు రాత్రులు. తర్వాత సండకాన్ బస్సు. కోట కినాబాలు నుంచి సండకాన్ వెళ్లే బస్సులు పార్కు ముందు నుంచే పోతాయి కాబట్టి వెనక్కి రానక్కర్లేదు. పగటి బస్సే ఎక్కండి. సెపిలోక్‌లో రెండు రాత్రులు, కినాబటాంగన్ మీద మూడు రాత్రులు. చివరగా సండకాన్ నుంచి నేరుగా కౌలాలంపూర్ విమానం పట్టుకుని అక్కడ ఒక రాత్రి ఆగి ఇల్లు చేరడం. వెళ్లేది కోట కినాబాలుకు, తిరిగి వచ్చేది సండకాన్ నుంచి అన్నది ఇందులో కీలకం. రానూపోనూ ఒకే ఊరికి టికెట్ కొంటే ఒక పూట వృథా అవుతుంది.

ఏడు రోజులే ఉంటే కినాబాలును తీసేసి నేరుగా సండకాన్‌లో దిగండి. నదిని మాత్రం తగ్గించకండి.

కౌలాలంపూర్ విమానాశ్రయంలో రెండు టెర్మినళ్లు వేర్వేరు చోట్ల ఉన్నాయి. అంతర్జాతీయ విమానం ఒక సంస్థది, సబా విమానం మరొక సంస్థది అయితే సామాను తీసుకుని, ఇమ్మిగ్రేషన్ దాటి, టెర్మినల్ మారి మళ్లీ చెక్ఇన్ చేయాలి. విడివిడి టికెట్లు కొంటే మధ్యలో కనీసం ఐదు గంటలు పెట్టుకోండి. ఒకే టికెట్ మీద రెండు విమానాలు దొరికితే కాస్త ధర ఎక్కువైనా అదే మేలు. మొదటిది ఆలస్యమైతే రెండోదాని బాధ్యత విమాన సంస్థదే అవుతుంది.

తూర్పు తీరం దీవుల గురించి కొంత జాగ్రత్త అవసరం. 2013లో లహద్ దతు ప్రాంతంలోకి సాయుధులు చొరబడిన తర్వాత మలేసియా ప్రభుత్వం తూర్పు సబాను ప్రత్యేక భద్రతా మండలంగా ప్రకటించింది. నదీ తీర బసలకూ సెపిలోక్‌కూ ఏటా ఎందరో యాత్రికులు వెళ్తున్నారు. సెంపోర్నా దీవుల్లో డైవింగ్ వంటివి కలుపుకోవాలనుకుంటే మాత్రం తాజా ప్రభుత్వ సూచనలు చదివి, మీ బీమా అక్కడ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి.

నాలుగో పని: పాస్‌పోర్టు, కాగితాలు

భారతీయులకు మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి ముప్పై రోజుల దాకా వీసా మినహాయింపు ఇచ్చింది. దాన్ని 2026 డిసెంబరు 31 వరకు పొడిగించింది. టికెట్ కొనే రోజున అధికారిక వెబ్‌సైట్లో ఒకసారి సరిచూసుకోండి. వీసా లేకపోయినా మలేసియా డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. చేరడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది మోసమని గుర్తించి బయటికి వచ్చేయండి.

సబాకు ఇమ్మిగ్రేషన్ విషయంలో సొంత అధికారాలున్నాయి. 1963లో మలేసియా ఏర్పడినప్పటి నుంచి వచ్చిన ఏర్పాటు అది. కౌలాలంపూర్ నుంచి వెళ్లేది దేశంలోపలి విమానమే అయినా సబాలో మళ్లీ పాస్‌పోర్టు చూపించాలి. దాన్ని చెక్ఇన్ సామానులో పడేయకుండా చేతిలో ఉంచుకోండి.

పాస్‌పోర్టుకు ప్రవేశించే తేదీ నుంచి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పెద్దవాళ్లది పదేళ్లు కాబట్టి గుర్తుంటుంది. పిల్లలది ఐదేళ్లే. కుటుంబ ప్రయాణాలు చివరి నిమిషంలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. టికెట్ కొనే ముందు అందరి పాస్‌పోర్టులూ బల్ల మీద పరచి తేదీలు చూడండి. కొత్తది కావాలంటే పెద్దవాళ్లకు 36 పేజీలదానికి మామూలు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్‌లో అదనంగా 2,000.

ఇంటిపేరు విషయంలో తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరు రెండో గడిలో ఉంటుంది. మరికొందరికి ఆధార్‌లో ఒక వరుస, పాస్‌పోర్టులో మరో వరుస. విమాన టికెట్ మీదా, డిజిటల్ కార్డులోనూ పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రావాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు టికెట్ ఎలా రాయాలో ఆ విమాన సంస్థనే అడిగి రాయండి. సంస్థను బట్టి పద్ధతి మారుతుంది. దుబాయ్ మీదుగా వచ్చే ఆలోచన ఉంటే, ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద యుఏఈలోకి ప్రవేశించడం కుదరదు.

పదో తరగతి పూర్తి చేయని, యాభై ఏళ్లు దాటని వారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉండే అవకాశం ఉంది. కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు మన ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని దానర్థం. మలేసియా ఆ దేశాల జాబితాలో ఉంది. ఆ నిబంధన ఉద్యోగం కోసం వెళ్లేవారిని మోసాల నుంచి కాపాడటానికి పెట్టింది, యాత్రికులను ఆపడానికి కాదు. అయినా మన విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగవచ్చు. తిరుగు టికెట్, హోటల్ బుకింగులు, కుటుంబమంతా కలిసి వెళ్తున్న ఆధారాలు కాగితం మీద ముద్రించి ఆ వ్యక్తి చేతికే ఇవ్వండి.

ఐదో పని: బుకింగ్, డబ్బు

నది ఒడ్డు బసలు సాధారణంగా తిండి, పడవ ప్రయాణాలు, గైడు, సండకాన్ నుంచి రవాణా అన్నీ కలిపి ధర చెబుతాయి. ఈమెయిలు రాసి నేరుగా అడగండి. ఒక పడవలో ఎంతమందిని ఎక్కిస్తారు? రోజుకు ఎన్నిసార్లు తిప్పుతారు? గైడు ఆ ఊరివాడేనా? శాకాహారం వండుతారా? ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబులతో మంచి బస ఏదో తేలిపోతుంది. బతు పుతేహ్ గ్రామంలో కోపెల్ అనే గ్రామస్థుల సహకార సంఘం స్థానికుల ఇళ్లలో బస, నది ప్రయాణాలు ఏర్పాటు చేస్తుంది, అడవిలో మొక్కలు నాటే పని కూడా చేస్తుంది. సౌకర్యాలు సాదాసీదాగా ఉంటాయి. డబ్బు ఊళ్లోనే మిగులుతుంది. పిల్లలకు అక్కడి జీవితం తెలుస్తుంది. నా మొగ్గు ఇలాంటి బసల వైపే.

మన ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు. పాన్ నంబరు సరిగ్గా ఇచ్చి, ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. ఎవరి పాన్ మీద వసూలు చేశారో రశీదులో చూసుకోండి.

మలేసియా కరెన్సీ రింగిట్. కొంత నగదు, మిగిలింది కార్డు మీద. విదేశీ లావాదేవీలకు తక్కువ అదనపు రుసుము వేసే కార్డు ఎంచుకోండి. కార్డు యంత్రం రూపాయల్లో కట్టాలా, రింగిట్‌లోనా అని అడిగితే రింగిట్ అనే చెప్పండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్ల మారకపు రేటు మనకు నష్టం. నది ఒడ్డున ఏటీఎం ఉండదు కాబట్టి సండకాన్‌లోనే డబ్బు తీసుకోండి. హోటళ్లలో విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను విడిగా తీసుకుంటారు. మన నోట్లు దేశం బయటికి మనిషికి 25,000 రూపాయలకు మించి తీసుకెళ్లకూడదు.

ఆరో పని: ఆరోగ్యం

ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు డాక్టర్ని కలవండి. ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాల స్థితి చూపించి, రేబిస్ ముందస్తు టీకా అవసరమా అని అడగండి. ఎల్లో ఫీవర్ టీకా సబాకు నేరుగా వెళ్లే మనకు అక్కర్లేదు. అయితే ఎప్పుడైనా అమెజాన్‌కో, కెన్యా, ఉగాండాలకో వెళ్తే ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు పుస్తకం లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన దేశంలోనే క్వారంటైన్‌లో పెట్టవచ్చు.

మలేరియా గురించి డాక్టరుతో కాస్త వివరంగా మాట్లాడండి. మనిషి నుంచి మనిషికి సోకే మలేరియా మలేసియాలో దాదాపు అంతరించింది. కానీ సబాలో ప్లాస్మోడియం నోలెసి అనే రకం ఉంది. అది మకాక్ కోతుల నుంచి దోమల ద్వారా మనుషులకు సోకుతుంది, త్వరగా ముదురుతుంది. ముందస్తు మందు వాడాలా వద్దా అన్నది మీరు అడవిలో ఉండే రోజుల్నీ మీ ఆరోగ్యాన్నీ బట్టి డాక్టరు తేలుస్తారు. డెంగీ కూడా ఉంది. దానికి నివారణ దోమ కుట్టకుండా చూసుకోవడమే: పొడవు చేతుల చొక్కా, డీట్ లేదా పికారిడిన్ ఉన్న పూత.

నదిలో ఈత వద్దు. మొసళ్లు ఒక కారణం, లెప్టోస్పైరోసిస్ మరొకటి. 2000లో సబాలో జరిగిన ఒక అంతర్జాతీయ సాహస పోటీలో సెగామా నదిలో దిగినవారిలో ఎందరికో ఈ జబ్బు వచ్చింది. మన దగ్గర వరి పొలాల్లో పనిచేసేవారికి వచ్చే ఎలుక జ్వరం ఇదే. చర్మం మీద గాయం ఉంటే బురదనీళ్లు తగలకుండా కట్టు కట్టుకోండి.

బీపీ, షుగర్ మందులు ప్రయాణ కాలానికి మరో వారం కలిపి, డాక్టరు చీటీతో, చేతి సంచిలో పెట్టుకోండి. బీమా పత్రంలో అత్యవసర తరలింపు ఖర్చు ఉందో లేదో వెతకండి. డానమ్‌లో కాలు విరిగితే పెద్ద ఆసుపత్రికి చేర్చడానికయ్యే ఖర్చు చికిత్స ఖర్చును మించిపోతుంది.

ఏడో పని: సామాను

జీన్స్ ఇంట్లోనే వదిలేయండి. తడిస్తే రెండు రోజులు ఆరవు. తొందరగా ఆరే పల్చని ప్యాంట్లు, ముదురు రంగు చొక్కాలు, టోపీ, వానకోటు, తలకు కట్టుకునే లైటు చాలు. కినాబాలు కోసం ఒక్క స్వెట్టరు. జలగల మేజోళ్లు తప్పనిసరి. మామూలు మేజోళ్ల మీద వేసుకుని మోకాలి దాకా కట్టుకునేవి ఇవి. కోట కినాబాలులోనో సండకాన్‌లోనో దొరుకుతాయి. బూట్ల కోసం వేలు ఖర్చు పెట్టనక్కర్లేదు. అక్కడి గైడ్లు, కొండ కూలీలు వేసుకునే నల్లటి రబ్బరు బూట్లు సంతలో చాలా చవకగా దొరుకుతాయి. వాటికి స్థానికులు పెట్టుకున్న పేరు అడిడాస్ కంపుంగ్. తడి వేర్ల మీద అవి జారవు.

డబ్బు మిగిలితే బైనాక్యులర్ మీద పెట్టండి. 8×42 కొలతది పిల్లలూ పెద్దలూ పట్టుకోవడానికి సరిపోతుంది. కుటుంబానికి ఒకటి కాదు, రెండు ఉండాలి. కొమ్మ చివర హార్న్‌బిల్ వాలిన అర నిమిషంలో ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కునేలోపు అది ఎగిరిపోతుంది. ఫోను, కెమెరా గాలి చొరని సంచుల్లో సిలికా పొట్లాలతో ఉంచండి. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బయటికి తెస్తే లెన్సు మీద మంచు పడుతుంది. పడవ ఎక్కడానికి అరగంట ముందే బయట పెట్టండి. ప్లగ్గు బ్రిటిష్ పద్ధతిలో మూడు చదరపు కాళ్లది, అడాప్టర్ కావాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

వద్దన్న వస్తువులు కొన్ని ఉన్నాయి. ఉపగ్రహ సంకేతాలు పంపే పరికరాలు అడవి యాత్రలకు ఉపయోగమే అయినా, అనుమతి లేకుండా వాటిని మన దేశంలో ఉంచుకోవడం నేరం. మన విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. సింగపూర్ మీదుగా వెళ్తుంటే గసగసాలు, గసగసాలు వేసిన మసాలా పొడులు పెట్టుకోవద్దు. అక్కడ అవి నిషిద్ధం.

తిండి

బసల్లో అన్నం, కూరలు, పండ్లు పుష్కలంగా పెడతారు. శాకాహారులకు అసలు చిక్కు బెలచాన్. ఇది రొయ్యల ముద్ద. ఆకుకూర వేపుడులోనూ, సాంబల్ అనే పచ్చడిలోనూ కనిపించకుండా కలిసిపోయి ఉంటుంది. మాంసం తినను అని చెబితే సరిపోదు. ‘తన్పా బెలచాన్, తన్పా ఇకాన్ బిలిస్’ అని చెప్పండి. రొయ్యల ముద్దా, ఎండు చేపా లేకుండా అని దానర్థం. బసకు ఈ మాట ముందే ఈమెయిల్లో రాయండి. ఊళ్లో మామక్ హోటళ్లలో, అంటే తమిళ ముస్లింలు నడిపేవాటిలో, రోటీ చనాయ్ అనే పరోటా, పప్పు దొరుకుతాయి, పిల్లలకు నచ్చుతాయి. కందిపొడి, వేయించిన అటుకులు, ఖాక్రాలు కొన్ని తీసుకెళ్తే చాలు. ఊరగాయ జాడీ నూనె కారి బట్టలన్నీ పాడుచేస్తుంది కాబట్టి గట్టిగా మూసిన చిన్న డబ్బాలో తప్ప వద్దు.

అడవిలో ఎలా ఉండాలి

ఒరాంగుటాన్లకు మన జలుబు సోకుతుంది. బోర్నియో ఒరాంగుటాన్లను 2016లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. మీకో, పిల్లలకో దగ్గు, జ్వరం ఉంటే ఆ రోజు సెపిలోక్ వెళ్లడం మానేయండి. టికెట్ డబ్బు పోతే పోనివ్వండి. ఎదురుపడితే పది మీటర్లకు తగ్గకుండా దూరం ఉంచండి. ఫొటో కోసం పడవను కొమ్మల కిందికి పోనివ్వమని గైడును ఒత్తిడి చేయకండి. తిండి వేయకండి. మన దగ్గర కొండదారుల్లో కోతులకు అరటిపండ్లు వేయడం పుణ్యమనుకునే అలవాటు ఉంది. అక్కడ అది జంతువుకు కీడు.

గైడు పడవ ఇంజను ఆపినప్పుడు అందరూ మాట ఆపాలి. మొదటి పూట ఏమీ కనిపించలేదని పిల్లలు విసుక్కుంటారు. వాళ్లకు ఒక చిన్న పుస్తకమిచ్చి విన్న శబ్దాలూ, చూసిన ఆకారాలూ రాయమనండి. రెండో రోజుకు వాళ్ల కళ్లు ఆకుల మధ్య కదలికను పట్టడం మొదలుపెడతాయి. నది దగ్గర కనీసం రెండు, వీలైతే మూడు రాత్రులు ఉండమని అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

జలగ పట్టుకుంటే భయపడకండి. అది జబ్బులు అంటించదు. నిప్పు, ఉప్పు పెట్టకుండా గోరును దాని నోటి కింద పక్కగా జరిపితే వదిలేస్తుంది. దాని లాలాజలం వల్ల రక్తం గడ్డకట్టక కాసేపు కారుతుంది. కడిగి కట్టు వేయండి. సుకావ్ దగ్గర్లోని గోమంటాంగ్ గుహలకు వెళ్తే టోపీ, మూసిన బూట్లు ఉండాలి. పైన లక్షల గబ్బిలాలు, కింద వాటి రెట్ట, దాని మీద బొద్దింకలు. వాసన భరించలేనివారు బయటే ఆగిపోవచ్చు. లోపలికి వెళ్లినవారికి మాత్రం తినడానికి పనికొచ్చే పక్షిగూళ్ల కోసం పేము నిచ్చెనలు కట్టి గుహ కప్పు దాకా ఎక్కే పని ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది.

మలేసియాలో అత్యవసర నంబరు 999. నది దగ్గర సిగ్నల్ బలహీనంగా ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఫోను అందకపోవచ్చో ముందే చెప్పి, బస ఫోను నంబరు ఇచ్చి వెళ్లండి.

తిరిగి వచ్చాక

తడి బూట్లు, మేజోళ్లు విడిగా ఉతికి ఎండలో ఆరబెట్టండి. ఆ తర్వాత నెలన్నర పాటు ఎవరికైనా జ్వరం వస్తే వైరల్ అనుకుని ఇంట్లో మాత్రలు వేసుకోవద్దు. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి, బోర్నియో అడవిలో ఉండి వచ్చామని మొదటి మాటగా చెప్పండి. నోలెసి పరాన్నజీవి మైక్రోస్కోపు కింద తేలికపాటి మలేరియా రకంలా కనిపించి తికమక పెడుతుంది. ఎక్కడికి వెళ్లివచ్చారో తెలిస్తేనే డాక్టరు సరైన పరీక్ష రాయగలరు, చికిత్స ఆ రోజే మొదలవుతుంది.